ఏడు రోజుల బెరడు, అయిదు నెలల కషాయం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి ఒక పాతికేళ్ల అమ్మాయి తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. విజయనగరంలో ఎం.ఫార్మసీ చివరి సంవత్సరం చదువుతున్నారు. ఊరి పేరు, కాలేజీ పేరు, చెట్టు పేరు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

వాళ్ల తాతయ్య నలభై ఏళ్లుగా మందస వైపు కొండల నుంచి ఒక చెట్టు బెరడు తెచ్చి మోకాళ్ల వాపులకు ఇస్తున్నారు. డబ్బు ముట్టరు. ముడితే మందు పారదని ఆయన నమ్మకం. కొబ్బరికాయ, తాంబూలం పెడితే చాలు. వేలెడంత ముక్కలు ఏడు లెక్కపెట్టి ఇస్తారు. రోజుకొకటి మూడు గ్లాసుల నీళ్లలో వేసి, ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించి తాగమంటారు. ఆ వారం పులుపు, కారం తగ్గించాలని పత్యం. ఎనిమిదో రోజుకు అడిగినా ఇవ్వరు.

ఆ బెరడునే ఈ అమ్మాయి ప్రాజెక్టుగా తీసుకున్నారు. కాలేజీలోని ఎథిక్స్ కమిటీ అనుమతితో ఎలుకల మీద పరీక్షించారు. పాదం వాపు బాగా తగ్గింది, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఇచ్చిన గుంపుకు దగ్గరగానే. ఒకేసారి పెద్ద డోసు ఇచ్చి 14 రోజులు చూస్తే ఏమీ కాలేదు. గైడ్ సంతోషించారు. ఆమె పట్టుబట్టి 28 రోజుల పరీక్ష కూడా చేశారు. అక్కడ ఎక్కువ డోసు గుంపులో కొన్ని ఎలుకలకు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం) పెరిగింది. కిడ్నీ ముక్కల్ని మైక్రోస్కోప్ కింద పెడితే సన్నని గొట్టాల్లో తేడా కనిపించింది.

అప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. గైడ్ ఏమో "28 రోజుల పని నీ టైటిల్‌లో లేదు, వదిలెయ్, సబ్మిషన్ దగ్గర పడింది" అంటున్నారు. పలాసలో షాపు ఉన్న చిన్నాన్న బెరడు పొడి ప్యాకెట్లు వేసి, మీద "ల్యాబ్‌లో పరీక్షించినది" అని అచ్చు వేయిస్తానంటున్నారు. తాతయ్యకు విషయం చెబితే ఆయన అన్నమాట: "నలబై యేళ్లుగా ఇస్తన్నాను. ఒక్కలంటే ఒక్కలు తిరిగొచ్చి ఇలాగైందని అనలేదు. నువ్వు ఎలకలకి పోసి నా మందు ఇసమంటావేటే గుంటా?" మూడు వారాలుగా మనవరాలితో మాట్లాడటం లేదు. "నేను ఎవరి పక్షాన నిలబడాలి?" అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం:

అమ్మా, మీ తొమ్మిది పేజీల్లో నేను మూడుసార్లు వెనక్కి తిప్పి చదివింది ఎనిమిదో పేజీలోని ఒక్క వాక్యం. "మా అమ్మ కూడా అయిదు నెలలుగా పొద్దున్నే ఇదే తాగుతోంది, రెండు మూడు ముక్కలు వేసి కాస్తుంది, తనకి బాగానే ఉంది." తాతయ్యకు ఈ సంగతి తెలియదని కూడా రాశారు. ఇంట్లో ఎండబెట్టిన బెరడులోంచి ఆవిడే తీసుకుంటున్నారు. మీరు అడిగిన ప్రశ్నకు తర్వాత వస్తాను. ముందు అమ్మ సంగతి చూద్దాం, ఎందుకంటే గైడూ చిన్నాన్నా నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు.

అమ్మను రేపటి నుంచి కషాయం ఆపమనండి. అది ఆపినందువల్ల వచ్చే ప్రమాదం ఏమీ ఉండదు, నొప్పి కొంచెం తిరగబెట్టొచ్చు. ఈ వారంలోనే రక్తంలో క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించండి. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె) కూడా లెక్కవేసి ఇవ్వమని అడగండి. పలాసలో ప్రభుత్వ కిడ్నీ ఆసుపత్రి ఉంది కాబట్టి దూరం వెళ్లక్కర్లేదు. నిరుడు చేయించిన రిపోర్టు ఉందన్నారు, అది తప్పకుండా పట్టుకెళ్లండి. ఒక్క అంకె చూసి చెప్పలేనిది రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. నిరుడు 0.7 ఉన్నది ఇప్పుడు 1.1 అయితే, కాగితం మీద రెండూ నార్మలే. డాక్టర్ కళ్లకు మాత్రం అది పెరుగుదల. కిడ్నీలు దాదాపు సగం పనితనం పోగొట్టుకునేదాకా క్రియాటినిన్ గీత దాటకపోవచ్చు. మీ ఉద్దానం ప్రాంతంలో ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రోటీన్ కూడా పెద్దగా పోదు. అందుకని మూత్ర పరీక్ష బాగుందని ఊరుకోకండి. మూడు నెలలయ్యాక మళ్లీ ఒకసారి చేయించండి.

డాక్టర్ దగ్గర బెరడు మాట దాచకండి. దీని గురించి నాకు సొంత అనుభవం ఉంది. మా అమ్మను డాక్టర్ "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే, లేదని చెప్పింది. అబద్ధం చెప్పలేదు. రోజూ తాగే కషాయం ఆవిడ లెక్కలో మందు కాదు. చీర కొంగున కట్టుకున్న నొప్పి బిళ్లలు కూడా కాదు, ఎందుకంటే అవి షాపులో రాసివ్వకుండా ఇచ్చినవి. అప్పటి నుంచి నేను ఎవరినైనా "మందులు వాడుతున్నారా" అని అడగను, "ఏమైనా కాచుకుని తాగుతున్నారా? షాపులో ఏ బిళ్లలు కొంటున్నారు?" అని అడుగుతాను. మీ అమ్మను కూడా అలాగే అడగండి. జీడిపప్పు ఒలిచే పనిలో పొద్దస్తమానం కింద కూర్చునే మనిషి మోకాళ్ల నొప్పికి కషాయంతో సరిపెట్టుకుని ఉంటారని నేను అనుకోను. డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు కిడ్నీకి రక్తం వెళ్లే దారిని ఇరుకు చేస్తాయి. చెమట కారే పనిలో, నీళ్లు తక్కువ తాగే ఒంట్లో అది మరీ ప్రమాదం. కషాయం మాన్పించి ఆ స్థానంలో ఈ బిళ్లలు పెడితే మనం చేసిన మేలు ఏమీ ఉండదు. నొప్పికి ఏం వేసుకోవచ్చో డాక్టర్‌నే చెప్పనివ్వండి. పని దగ్గర కింద కూర్చోకుండా ఎత్తు పీట వేసుకోవడం, తొడ కండరాలకు వ్యాయామం, వేడినీళ్ల కాపడం మాత్రం ఇవాళే మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడు తాతయ్య మాటకు వద్దాం. "ఒక్కలంటే ఒక్కలు తిరిగొచ్చి అనలేదు." ఆయన అబద్ధమాడటం లేదు, గొప్ప చెప్పుకోవడం లేదు. కానీ గుణం కనిపించినవాళ్లు కొబ్బరికాయతో వస్తారు. గుణం కనిపించనివాళ్లు ఇంకో దగ్గరికి పోతారు, ఆయన గుమ్మం తొక్కరు. పైగా కిడ్నీకి జరిగే చెరుపు వాంతిలాగో దద్దురులాగో మర్నాడు బయటపడదు. ఏడాదికో రెండేళ్లకో కాళ్లు పొంగుతాయి. అప్పుడు ఎవరికైనా బెరడు గుర్తొస్తుందా? కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు పల్లెల్లో ప్రతి వీధిలోనూ ఒక డయాలసిస్ మనిషి ఉంటే, ఇంకొకరు చేరినప్పుడు "ఉద్దానం జబ్బే" అంటారు. అక్కడితో ఆ మాట ఆగిపోతుంది.

1990ల మొదట్లో బెల్జియంలో ఏం జరిగిందో మీరు చదివే ఉంటారు. బ్రస్సెల్స్‌లో ఒక క్లినిక్‌లో సన్నబడటానికి చైనా మూలికల బిళ్లలు తీసుకున్న ఆడవాళ్లకు కిడ్నీలు పోయాయి. ఒక వేరుకు బదులు దాదాపు అదే పేరున్న ఇంకో వేరు కలిసింది. రెండోది మన ఈశ్వరి తీగ కుటుంబానిది, అందులో కిడ్నీని దెబ్బతీసే అరిస్టలోకిక్ ఆమ్లం ఉంది. 1993లో డాక్టర్లు దీన్ని బయటపెట్టారు. ఎలా పట్టుకోగలిగారు? ఏ జబ్బూ లేని, యాభై కూడా నిండని ఆడవాళ్లకు ఉన్నట్టుండి కిడ్నీలు పోవడం ఆ ఊళ్లో వింత, అందుకే అందరూ వెళ్లిన క్లినిక్ ఒకటేనని ఎవరికో తట్టింది. ఉద్దానంలో అది వింత కాదు. ఉద్దానం జబ్బుకు ఈ బెరడు కారణమని నేను అనడం లేదు. ఆ జబ్బు కారణం ఇంకా తేలలేదు. బెరడు వల్ల నిజంగానే ఎవరికైనా చెడు జరిగినా, మీ ఊళ్లో అది కంటికి ఆనే వీలు లేదని మాత్రం అంటున్నాను. కాబట్టి వేరేచోట నలభై ఏళ్ల అనుభవానికి ఎంత బరువుందో, మీ ఊళ్లో అంత లేదు. తాతయ్యకు ఇది చెప్పాల్సిన పద్ధతి వేరే ఉంది, చివర చెప్తాను.

అలాగని మీ ఎలుకలు తీర్పు చెప్పేశాయా? అదీ లేదు. మీ ఉత్తరంలో నాకు కనిపించిన పెద్ద సంగతి ఇది: మీరు పరీక్షించింది తాతయ్య మందు కాదు. ఆయనది నీళ్లలో కాచిన కషాయం. మీది 70 శాతం ఆల్కహాల్‌లో తీసిన సారం. నీళ్లలో దిగనివి ఆల్కహాల్‌లో దిగుతాయి. వాపు తగ్గించింది వాటిలోదే కావచ్చు, కిడ్నీని దెబ్బతీసింది కూడా వాటిలోదే కావచ్చు.

డోసు లెక్క కూడా చూడండి. మీ ఎక్కువ డోసు కిలోకు 400 మిల్లీగ్రాములు. ఎలుక డోసును మనిషికి మార్చడానికి మామూలుగా 6.2తో భాగిస్తాం, అంటే కిలోకు 64 పైచిలుకు. 60 కిలోల మనిషికి రోజుకు నాలుగు గ్రాములకు కాస్త తక్కువ సారం. వంద గ్రాముల బెరడుకు 12 గ్రాముల సారం వచ్చిందని రాశారు కాబట్టి అది దాదాపు 32 గ్రాముల బెరడు. తాతయ్య ముక్క ఎంత బరువుంటుంది? ఇన్ని పరీక్షలు చేసిన మీరు ఆ ఒక్కటీ తూచలేదు! పది ముక్కలు తీసుకుని విడివిడిగా తూచండి. ముక్క పది గ్రాములుంటే, మీ అమ్మ వేసే మూడు ముక్కలు మీ ఎలుకల ఎక్కువ డోసు దగ్గరికి వచ్చేస్తాయి. తాతయ్య చెప్పిన ఒక్క ముక్క దానిలో మూడో వంతు కూడా కాదు. ఇది ముతక లెక్కే. మనిషికి మొదటి డోసు అంచనా వేసేవాళ్లు అసలు ఏ హానీ కనిపించని డోసు నుంచి మొదలుపెట్టి, దాన్ని కూడా మళ్లీ పదితో భాగిస్తారు. ఆ లెక్కన ఒక్క ముక్క కూడా నిశ్చింతగా తాగదగ్గదని నేను చెప్పలేను.

వాపు సంగతికొస్తే, కారజీనన్ ఎక్కించి పాదం వాచేలా చేసి గంట గంటకూ కొలవడం 1962 నుంచి ఉన్న పద్ధతి. మంచి పద్ధతే. కానీ అది అయిదారు గంటల వాపు. మీ అమ్మ మోకాలిది పదేళ్ల అరుగుదల. ఒకటి తగ్గించింది రెండోదాన్నీ తగ్గిస్తుందని ఆ పరీక్ష చెప్పదు.

ఇంకో ప్రశ్న: మీరు పరీక్షించిన బెరడు ఆ చెట్టుదేనా? ఆకూ పువ్వూ లేని ఎండు బెరడు పేళ్లు చూసి చెట్టును చెప్పడం చాలా కష్టం. మన సోమిద చెట్టు కథే తీసుకోండి. శాస్త్రీయ నామం సొయ్‌మిడా కూడా మన తెలుగు పేరు నుంచి పుట్టిందే. సామర్లకోటలో ఉండిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 18వ శతాబ్దం చివర్లో దాని బెరడును జ్వరానికి సింకోనా (క్వినైన్ తీసే చెట్టు) బెరడు బదులు వాడొచ్చని రాశాడు. తర్వాత కలకత్తా బజారులో ఆ బెరడు పేరు మీద ముష్టి చెట్టు బెరడు అమ్ముతున్నట్టు బయటపడింది. ముష్టిలో ఉండేవి స్ట్రిక్నిన్, బ్రూసిన్ అనే విషాలు. మీ కొండల్లోనూ ముష్టి చెట్లున్నాయి. బెరడు లోపలి వైపున ఒక చుక్క నైట్రిక్ ఆమ్లం వేస్తే, ముష్టి అయితే బ్రూసిన్ వల్ల నెత్తుటి ఎరుపు తిరుగుతుంది. మీ ల్యాబ్‌లో అయిదు నిమిషాల పని. తాతయ్య పొరపాటు పడతారని కాదు. డెబ్బై దాటాక ఆయన స్వయంగా కొండెక్కడం లేదని, ఎవరో కుర్రాళ్లు తెచ్చిస్తున్నారని మీరే రాశారు.

చెట్టు పేరు ఎందుకు వేయలేదంటే, "వాపు తగ్గింది" అన్నంతవరకే చదివి పేజీ తిప్పేసేవాళ్లు ఉంటారు. వాళ్లు కత్తి పట్టుకుని బయల్దేరితే మనుషులకూ మంచిది కాదు, చెట్టుకూ కాదు. మాను చుట్టూ బెరడు వలిస్తే చెట్టు నిలువునా ఎండిపోతుంది.

గైడ్ విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. ఆయన చెప్పినట్టే చేస్తే టైముకు డిగ్రీ వస్తుంది. ఎగ్జామినర్ అడగకపోవచ్చు. కానీ మీ థీసిస్‌లో "14 రోజుల పరీక్షలో సురక్షితమని తేలింది" అన్న వాక్యం ఉంటుంది, చిన్నాన్న ప్యాకెట్ మీదికి ఎక్కేది ఆ వాక్యమే. రెండోది, సబ్మిషన్ వాయిదా వేసుకుని నీటి కషాయంతో 28 రోజుల పరీక్ష మళ్లీ చేయడం. డోసు ఆపేశాక మరో 14 రోజులు ఉంచి చూసే గుంపును కూడా పెడితే, కిడ్నీ తేరుకుంటుందో లేదో తెలుస్తుంది. శాస్త్రం దృష్టిలో ఇదే మేలు. కానీ మళ్లీ అనుమతి, మళ్లీ ఎలుకలు, ఫీజు, ఆరేడు నెలలు. ఇంటి పరిస్థితి రాశారు, ఈ దారి పట్టమని నేను గట్టిగా అనలేను. మూడోది, టైముకే ఇచ్చేయండి, 28 రోజుల ఫలితాన్ని "ప్రాథమిక పరిశీలన" అని ఒక చిన్న అధ్యాయంగా చేర్చండి. ఎన్ని ఎలుకల్లో ఎన్నింటికి, ఏ డోసులో, ఏం కనిపించిందో ఉన్నదున్నట్టు రాయండి. "సురక్షితం" అన్న మాట థీసిస్‌లో ఎక్కడా వాడకండి. నా మనసు దీనివైపే ఉంది.

గైడ్‌తో మాట్లాడేటప్పుడు నిజాయితీ పాఠం మొదలుపెట్టకండి, ఆయన బిగుసుకుంటారు. "సార్, ఇది మన రిజల్ట్‌ని పాడుచేయదు, ఏ డోసు దాటకూడదో చెప్తుంది, వైవాలో వాళ్లు అడిగేలోపు మనమే చెబుదాం" అనండి. కమిటీ అనుమతితో చేసిన పని రిజిస్టర్‌లో ఎలాగూ ఉంటుంది. అప్పటికీ వద్దంటే కనీసం అనుబంధంలో టేబుల్‌గానైనా వేయనివ్వమని అడగండి. దానికీ ఒప్పుకోకపోతే డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గరికి వెళ్లొచ్చు. అలా వెళ్తే చివరి నెలలు ఇబ్బందిగా గడుస్తాయని తెలిసే వెళ్లండి. ఒక మాట మాత్రం చెప్పాలి. ఆ 28 రోజులు రోజూ పొద్దున్నే ఒక్కో ఎలుకను చేతిలోకి తీసుకుని గొట్టంతో మందు పోసింది మీరు. "వాటి కళ్లు గుర్తొస్తున్నాయి" అని రాశారు. అవి చెప్పింది కాగితం మీదికి రాకపోతే వాటిని చంపడానికి మన దగ్గర సమాధానం లేదు.

చిన్నాన్నకు "వద్దు" అని స్పష్టంగా చెప్పండి, రాతలో చెప్పండి. మీ ల్యాబ్‌లో పరీక్షించింది ఆయన అమ్మబోయే పొడిని కాదు, కాబట్టి ఆ ముద్ర అబద్ధం. లైసెన్సు లేకుండా ఆయుర్వేద మందు తయారుచేసి అమ్మడం 1940 నాటి మందుల చట్టం కింద నేరం. కీళ్లవాతం నయం చేస్తుందని ప్రకటన వేస్తే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కూడా తగులుతుంది, అందులోని జబ్బుల జాబితాలో కీళ్లవాతం ఉంది. కేసులో ఇరుక్కునేది చిన్నాన్న, పరువు పోయేది తాతయ్యది. ఆయనకు నిజంగా ఆసక్తి ఉంటే దగ్గరిదారి లేదనీ, సరైన దారికి ఏళ్లు పడుతుందనీ చెప్పండి. కేరళలో కాణి గిరిజనులు చెప్పిన ఆరోగ్యపచ్చ మొక్కతో అక్కడి పరిశోధన సంస్థ మందు తయారుచేసి, లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం వాళ్లకు ఇచ్చేలా ఏర్పాటు చేసింది. 1997లో దానికోసం ఒక ట్రస్టు రిజిస్టర్ అయింది. మందు తెలిసినవాళ్లకు పేరూ వాటా రెండూ దక్కిన దారి అది.

ఇక తాతయ్య. మీరు ఆయనకు విషయం చెప్పిన తీరులోనే పొరపాటు జరిగిందనిపిస్తుంది. రిపోర్టు పట్టుకెళ్లి "కిడ్నీ పాడవుతోంది తాతా" అన్నారు. ఆయనకు వినపడింది "నలభై ఏళ్లుగా విషం పోశావు" అని. ఈసారి రిపోర్టు లేకుండా వెళ్లండి. వెళ్లి ఒకటే అడగండి: "తాతా, ఏడు రోజులే ఎందుకు? ఎనిమిదో రోజు ఎందుకివ్వవు?"

ఆయన ఏం చెప్తారో నాకు తెలియదు. వాళ్ల నాన్న చెప్పారని అనొచ్చు, ఎవరికో ఏదో అయిందన్న పాత సంగతి బయటికి రావచ్చు. ఏది చెప్పినా రాసుకోండి. ఎవరికి ఇవ్వరో అడగండి. కడుపుతో ఉన్నవాళ్లకు ఇస్తారా, పిల్లలకు ఇస్తారా, కాళ్లు పొంగినవాళ్లకు ఇస్తారా? మీరు 28 రోజులు పరీక్షించి తెలుసుకున్నది, ఎక్కువ రోజులు వద్దని. ఆయన ఏడు ముక్కలు లెక్కపెట్టి ఇచ్చేది కూడా అందుకే కావచ్చు. ఇది మీరు ఆయనకు చెప్పగలిగితే మీ ఇద్దరి మధ్యా గొడవకు పెద్దగా చోటుండదు. కొత్తగా అడగాల్సింది రెండే: కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, నొప్పి బిళ్లలు మింగుతున్నవాళ్లకు ఇవ్వొద్దని. నీటి కషాయం పరీక్ష అయ్యేదాకా ఎవరికీ ఇవ్వకపోతే ఇంకా మంచిది. కానీ గుమ్మం ముందు కుంటుతూ నిలబడ్డ మనిషిని ఆయన ఒట్టి చేతులతో పంపగలరా అంటే, నాకు నమ్మకం లేదు. అమ్మ తాగుతున్న సంగతి కూడా ఆయనకు చెప్పండి. తన మాట దాటినందుకు కోడలి మీద ఒకరోజు కోప్పడతారు. కానీ ఆ బెరడు పెట్టెకు తాళం ఆయనే వేస్తారు.

మాటలు కలిశాక ఆ చెట్టు చూపించమని అడగండి. కొండెక్కలేకపోతే కింద బండి మీద కూర్చుని, కుర్రాళ్లు తెచ్చిన కొమ్మ చూసి అవునో కాదో చెప్తారు. ఆకు, పువ్వు లేదా కాయ ఉన్న కొమ్మను పాత పేపర్ల మధ్య పెట్టి నొక్కి ఆరబెట్టి, దాంతోపాటు బెరడు ముక్క ఒకటి పెట్టి విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగానికి పట్టుకెళ్లండి. ఆ షీటు కింద కుడిపక్క ఒక చీటీ అతికిస్తారు. ఏ ఊరు, ఏ తేదీ, స్థానికంగా ఏం పేరు, ఎవరు సేకరించారు అని ఉంటుంది. సేకరించినవారు అన్నచోట మీ పేరుకు ముందు తాతయ్య పేరు రాయండి.